మిషన్ తీసేలోపు

పది నిమిషాలే అంట, అందుట్ల రెండు ఈ గౌను తొడుక్కునుడుకే పాయె. గట్టిగ మాట్లాడొద్దట, ముట్టొద్దట. మరి ఎందుకు రమ్మన్నట్టు? ఏమయ్యా, ఇనవడుతున్నదా? మత్తుల ఉన్నా ఇంటడు, మాట్లాడమ్మా అన్నది సిస్టరు. ఏం మాట్లాడాలె?

నీ తొడకాడికెల్లి రెండు లావు పైపులు. ఒకదాంట్ల నల్ల రక్తం పోతున్నది, ఇంకోదాంట్ల ఎర్రగయ్యి మళ్ల నీ లోపలికే వస్తున్నది. నాలుగు దినాలాయె. నీ గుండె పని, ఊపిరితిత్తుల పని అంత గా డబ్బనే చేస్తున్నది. సూడొద్దనుకుంటనే సూస్త.

మంగళారం పొద్దుగాల బాయిలర్ కాడ కూలవడ్డవట గదా. నీతోని పనిచేసే పెద్దరాములన్న చెప్పిండు. అంగి పిండితె నీళ్లు కారేటంత చెమటట, చేతులు ఐసుగడ్డలట. కంపెనీ బండ్ల ఏసుకొని వచ్చిండ్రు. మూసుకున్న నరం తెరిచి స్టెంట్ ఏసిండ్రు. ఏస్తే ఏమాయె? బీపీ లేవకపాయె. మూత్రం బందయింది.

గప్పుడు డాక్టర్ ఇంద్రజ మేడం నన్ను పిలిచి కూసోవెట్టింది. "గుండెకి దెబ్బ పెద్దదమ్మా. ఒంటికి సరిపడా రక్తం కొట్టలేకపోతోంది. ఈ మిషన్ నయం చెయ్యదు, గుండె కోలుకునేదాకా మనిషిని నిలబెడుతుంది. కాలికి రక్తం ఆగిపోవచ్చు, మెదడులో రక్తం కారొచ్చు. అన్నీ తెలిసే సంతకం పెట్టాలి" అన్నది.

ఇంటోళ్లు ఇంకెవరున్నరని అడిగిండ్రు. ఎవరున్నరు? పిల్లలు లేకపాయె. కొల్లూరు ఇంట్ల తొమ్మిదో అంతస్తు, ఎదురు తలుపోళ్ల పేరు సుత తెల్వదు నాకు. నేనే పెట్టిన. వనజ అని రాసుట్ల ఒక అక్షరం తప్పు పోయింది.

కింద బెంచి మీద కూసుంట. ఎవరన్న వచ్చి, మీ ఆయనకు ఎట్లున్నదమ్మా అంటరేమోనని సూస్త. లిఫ్టు తెరుచుకుంటది, మూసుకుంటది.

నిన్న మిషన్ జోరు తగ్గించి సూసిండ్రట. నీ గుండె తట్టుకున్నది. ఇయ్యాల మధ్యానం పైపులు తీస్తరు. రేపో ఎల్లుండో కండ్లు తెరుస్తవట. ఆ మాట ఇని పెద్దరాములన్న ఏడ్చిండు. నాకు భయమైంది.

ఎందుకంటవా? నొప్పి ఎప్పటిసంది అని మేడం అడిగింది. ఇంట్ల ఏమనలే, కంపెనీలనే వచ్చిందని చెప్పిన. "రెండు గంటలు ముందొచ్చుంటే ఈ మిషన్ దాకా వచ్చేది కాదేమో" అన్నదామె, తనలో తాను అనుకున్నట్టు.

మా నాయిన సంవత్సరీకానికి డ్యూటీ అని రాకపోతివి. నాకు కోపం. ఎనిమిది దినాలు నీతోని మాట్లాడలే. ఆ పొద్దు నువ్వు వంటింటి గడపల నిలవడి, "వనజా, ఛాతి మీద బరువు వెట్టినట్టున్నది, జెర సూడు" అన్నవు. నేను నల్లా ఇంకింత తిప్పిన, నీళ్ల సప్పుడుకు ఇనరానట్టు.

ఇనవడ్డది. ఇనవడ్డదయ్యా నాకు.

ఆఁ, వస్తున్న సిస్టర్, అయిపోయింది.

నువ్వు లేచినంక ఈ మాట చెప్పే ధైర్యం నాకు రాదు. ఎరుకే నాకు. గందుకే ఇప్పుడే చెప్పిన.