తిమ్మయ్య పుట్టిలో ఐదుగురు దొరలు

తుంగభద్రకు ఇవతల కర్నూలు, తెల్లదొరల రాజ్యం. అవతల నైజాం. మధ్యలో హద్దురాళ్ళు లేవు. ఏట్లో లోతు పాయ ఎక్కడ పారితే అదే హద్దు. వేసవిలో ఇసుక తేలగానే పేదవాళ్ళు అందులో గుంటలు తీసి, ఎరువు వేసి, దోస, కర్బూజ పెట్టుకునేవాళ్ళు. జీవమ్మ తోట అలాంటిదే. అంతకుముందు వానకాలంలో ఒక్క వరదకు లోతు పాయ ఆమె ఇసుకకు అవతలనుంచి ఇవతలికి గెంతింది. నైజాం సుంకం జవాను వచ్చి, ఈ ఇసుక ఇక మాది, కాయలూ మావే అన్నాడు. రెండు వైపుల అమీనులు కొలతకు దిగారు.

ఇది ముందే చెప్పకపోతే పుట్టి తిమ్మయ్య కోతలు అర్థం కావు. పుట్టి అంటే తోలు కప్పిన గుండ్రటి బుట్టలాంటి పడవ. వానకాలంలో వెదురు గడకు నేల ఎక్కడ అందదో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆ సాయంత్రం రేవుకాడి టీ అంగట్లో ఆయన కోపంగా అందుకున్నాడు.

"పోయినేడు ఒక జవాను నా పుట్టి ఎక్కి దబాయిస్తే, గమ్మున కూచో అంటి. కూచున్యాడు. అదేం పెద్ద సంగతి కాదులే. ఈ నీళ్ళెవరివి, ఇసకెవరిది అని యాడో నీడపట్టున కూచుని రాస్తాండారే, వాళ్ళలో ఒక్కడన్నా ఏట్లో మోకాటిలోతు దిగినాడా? నా కడుపు మండె. దేశాలన్నీ కూడి తగువులు తీర్చే సభ జినీవాలో ఉండాదంటే, పుట్టి ఆ పక్కకు తిప్పితి. కృష్ణలో పడి సముద్రంలోకి పోతి. గడ అందదనుకుంటారేమో, సంగమేశ్వరం కాడ ఇంకొక వెదురు కట్టుకుంటి."

జినీవాకు సముద్రం లేదంట గదప్పా, అన్నాడు గొర్రెల నరసన్న.

"లేదు. అందుకే కడాన ఐదు కొండలు పుట్టిని నెత్తిన పెట్టుకుని దాటితి. సభలో ఇండియాకూ ఒక కుర్చీ వేసినారు. దాంట్లో కూచునేవాణ్ణి ఏరింది తెల్లోడు. మమ్మల్ని అడిగినారా అంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదు పెద్ద దేశాల దొరల్ని పుట్టి ఎక్కించి, ఆడుండే పెద్ద చెరువు నడుమ ఒక్క తిప్పు తిప్పితి. బొంగరమే. టోపీలు ఎగిరిపాయ, తిన్నదంతా బయటికొచ్చె. ఐదు భాషల్లో ఏడ్చినారు. రాయండి అంటి. ఏరు మెల్లమెల్లగా జరిగితే హద్దూ జరగాల. ఒక్క వరదకు గెంతితే మాత్రం హద్దు పాత పాయ కాడే ఉండాల. రాసినారు. ఒడ్డునుండే కొండలు గూడా తలలూపె."

అంగడంతా నవ్వింది. నవ్వనిది జీవమ్మ ఒక్కతే.

"నిజమే తిమ్మన్నా. నిన్న మన అమీనూ అదే చెప్పె. ఒక్క వరదకే గెంతిందని చూసినోడు చెప్తే చాలనె. ఆ పొద్దు ఏట్లో పుట్టి మీద ఉన్నోడివి నువ్వే. ఏమంటివి?"

తిమ్మయ్య టీ లోటా కింద పెట్టాడు. జవాబు జీవమ్మే చెప్పింది.

"నాకు తెలీదు సామీ అంటివి. ఆ సుంకం జవాను నీ పుట్టిని అవతలి గట్టుకు ఆననీయడేమోనని. ఐదుగురు దొరల్ని తిప్పినోడివి, వాడొక్కడికి నోరు లేకపాయ. నా బిడ్డలు మూడు నెలలుగా చెలమలు తోడి, ఆ తీగలకు కడవలతో పోసినారు."

గోడకు ఆనించిన తిమ్మయ్య గడను ఆమె చేతిలోకి తీసుకుంది.

"రేపు అమీనులు మళ్ళా వస్తారు. ఇది పాత పాయ కాడ నాటి పెడతా. వచ్చి, ఆ ఒక్క మాట చెప్పి తీసుకపో."

ఎవరూ ఆపలేదు. ఆమె రొమ్ములోతు నీళ్ళు దాటి, తన పాదులు తొక్కకుండా ఇసుక మీద నడిచిపోయి, ఒకచోట ఆగి గడ పైకెత్తింది. తిమ్మయ్య లేచాడు. నీళ్ళ అంచుదాకా వెళ్ళి నిలబడ్డాడు. అవతలి గట్టున సుంకం జవాను కూడా ఇటే చూస్తున్నాడు.

"ఆడ కాదమ్మా," అని అరిచాడు తిమ్మయ్య, రెండు గట్లకూ వినబడేట్టు. "ఇంకా అవతలికి పో, ఆ ఒక్క వరదకు పాయ గెంతింది ఆడనుంచే. ఇంకో ఇరవై అడుగులు."