ఇద్దరు రెడ్డెమ్మలు

సాయంత్రం నాలుగున్నర. మబ్బు పట్టి సన్నగా తుంపర పడతాండాది.

"అత్తా, ఈ క్యాంపుకు పోదునా, వద్దా? నువ్వు సరేనంటేనే సంతకం పెడతానంటాడు నాయన."

ఇటియ్యి ఆ కాగితం. ఊఁ. అదే లెక్కల సంఘం, అదే కుప్పం. కూర్చో సుకన్యా. ఎక్కువ చెప్పలేను.

వాళ్లు చెడ్డోళ్లని అనను. యూనివర్సిటీల్లో లెక్కల మీద పరిశోధన చేసేవాళ్లు, కాలేజీ లెక్చరర్లు కలిసి పెట్టుకున్న సంఘం. ఏటా మన పక్క బడుల్లో పరీక్ష పెట్టి, బాగా చేసిన ఆడపిల్లోళ్లను మూడు దినాలు కుప్పానికి పిలుస్తారు. పెద్ద పెద్ద సార్లు పిల్లోళ్ల పక్కనే చాప మీద కూర్చొని చెప్తారంట. పోయిన ఏడు మా రెడ్డెమ్మ పోయింది గదా. నేనే బస్సులో తీసకపోయి దిగబెట్టి వచ్చినా. తిరిగొచ్చేటప్పుడు మేమే వ్యానులో పంపిస్తాం అనిరి.

దానికా పేరు యాల పెట్టినానో నీకు తెల్సు. పెండ్లైన ఏడేండ్లకు, రెడ్డెమ్మ కొండలో మొక్కుకుంటే పుట్టింది. నేనొక్కదాన్నే మొక్కుకున్నానా? మదనపల్లె నుంచి పుంగనూరు దాకా ఏ బడిలో రెడ్డెమ్మా అని పిలిచినా నలుగురు పలుకుతారు. ఆ క్యాంపులోనూ పుంగనూరు పాప ఒకటి, అదీ మా దాని మాదిరే ఎస్. రెడ్డెమ్మే. సంఘం సెక్రెటరీ సారుది మన పక్క కాదు. పన్నెండు పేర్ల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు పడిందనుకొని ఒకటి కొట్టేసినాడు.

మూడు దినాలూ ఇద్దరికీ అన్నం చీటీ ఒకటే. దాన్నే మార్చి మార్చి చూపించి తిన్నారంట. సార్‌తో ఒక మాట అంటే ఏం పోయె? అనలేదు. పెద్దోళ్లకు ఎదురు చెప్పొద్దని నేనే గదా పెంచినా...

తిరిగొచ్చే దినం ఇట్లాంటి మబ్బే. రామకుప్పం దాటినాక టీ అంగడి కాడ వ్యాను ఆపినారు. మాది అంగడి ఎనక్కి ఒంటికి పోయింది. అంతలో ఎవరో అరిసినారంట, రాగి పైరు కయ్యల్లోకి ఏనుగులు దిగినాయి, బిన్నా, తొందరగా పొండి అని. సెక్రెటరీ సారు జాబితా తీసి గబగబా పిలిచినాడు. రెడ్డెమ్మా అంటే, ఉండాను సార్ అని ఒక గొంతు పలికింది. పదకొండు పేర్లు, పదకొండు టిక్కులు. వ్యాను కదిలింది.

నాకేం తెల్సు? ఈడ వాన పెద్దదైంది. మనసు ఊరుకోక సార్‌కు ఫోన్ చేసినా.

"మా రెడ్డెమ్మ ఉండాది గదా సార్?"

"ఉంది కదమ్మా, లెక్క సరిపోయింది. పలమనేరు వచ్చేశాం. ఇదుగో, మాట్లాడండి."

"హలో... ఆంటీ, నేను పుంగనూరు రెడ్డెమ్మను."

నా బిడ్డ యాడ సార్ అని ఫోన్లోనే అరిసినా.

వ్యాను ఎనక్కి తిప్పినారు. అంగడి అవ్వ దాన్ని లోపలికి లాగి తలుపేసుకొని ఉండాదంట. బయట జనం డబ్బాలు కొడతా, టపాకాయలు కాలుస్తా. ఏనుగులు ఎంత దగ్గర్లో పోయినాయో అవ్వ చెప్పింది. నేను చెప్పను.

సారు మా వాకిట్లో చేతులు జోడించి, "డూప్లికేట్ అనుకున్నానమ్మా" అనె.

"నా బిడ్డ డూప్లికేటా సార్? అంతంత లెక్కలు చేస్తారే, కాగితం ఎంచితిరి గాని తలకాయలు ఎంచలేకపోతిరే" అన్నా.

నీకు తెలియంది ఒకటుండాది. సారు పిలిచింది ఇది వినిందంట. అంగడి ఎనక నుంచి "ఉండాను" అని అరిసిందంట గూడా. ముందే ఇంకొకరు పలికేసినారు. ఇప్పుడు దాన్ని పేరు పెట్టి పిలిచి సూడు, వెంటనే పలకదు. రవంతసేపు ఆగుతాది. ఇంకెవరన్నా పలుకుతారేమోనని.

లెక్కలు మాత్రం ఇడవలే. అది సార్లు చెప్పిన గొప్పా, దాని మొండితనమా, నాకు తెల్దు.

"మరి నేను?"

పో. వద్దంటే రేపు నన్నే తిట్టుకుంటావు. ఇంటిపేరు, నాయన పేరు, ఊరు, అన్నీ రాయి. చీటీ రాకుంటే గట్టిగా అడుగు. వ్యాను కదిలే ముందు నువ్వే ఎంచు. పేర్లు కాదు, మనుషుల్ని. చల్లగా పోయి చల్లగా రా తల్లీ.

మబ్బు పడితే నేనింకా ఎంచుతానే ఉంటా. ఆ దినం వ్యానులో ఉండిన పుంగనూరోళ్లు ఐదుగురు. మదనపల్లె వాళ్లు ఆరుగురు. పదకొండు...

రెడ్డెమ్మా! లోపలుండావా?

...

"ఉండానమ్మా."

పన్నెండు.