బకెట్ తాత పుట్టినరోజు

లేదండీ, నేను కూర్చోను. కూర్చుంటే మెత్తబడిపోతాను, నా సంగతి నాకు తెలుసు. మీరే కూర్చోండి. తలుపు వేసేశాను, ఎవరూ రారు. బయట మైకు గురగురమంటోంది కదా, అది సర్దుకోవడానికి ఇంకో అరగంటైనా పడుతుంది. ఈలోగా మీరు నాకొక్క మాట చెప్పాలి.

ఆ ఫొటోలో ఆయనెవరు?

మీ ముత్తాత. అదీ తెలుసు. ఇందాక గేటు దగ్గర ఈ జయంతి చేయిస్తున్న ఫ్యాక్టరీ ఆయన మిమ్మల్ని చూపించి, బకెట్ తాతగారి మునిమనవడు, ఇంటిల్లిపాదీ దిగారు అన్నాడు. నేను దండం కూడా పెట్టాను. మీసాలు బాగున్నాయి, కాదనను. ఆ మీసాలు చూసే కదా శిల్పి విగ్రహానికి మీసాలు అతికించింది. అంతకు ముందు పాపం నున్నగా ఉండేవాడు.

నేనడిగేది అది కాదు. మీ ముత్తాత మీ ముత్తాతే, ఉండనివ్వండి. ఆయన బకెట్ తాత ఎలా అయ్యాడని అడుగుతున్నాను.

ఎలా అవుతాడండీ? బకెట్ తాత అనే మనిషే లేడు కదా.

అలా చూడకండి. ఆ గ్లాసులో నీళ్లున్నాయి, తాగండి. తాగి వినండి.

నేను పరిశోధకురాలినని మీకు చెప్పుంటారు. కరపత్రంలో కూడా అలాగే అచ్చేశారు. పరిశోధనా లేదు, పాడూ లేదు. నేను క్యాలెండర్ల ప్రెస్సులో పనిచేస్తాను. గోడకి తగిలించుకుని రోజుకో కాగితం చించుతారే, ఆ క్యాలెండరు. ముందువైపు పెద్ద అంకె ఉంటుంది, దానితో నాకు సంబంధం లేదు. వెనకవైపు సన్నక్షరాల్లో ఈ రోజు ఏం జరిగింది, ఎవరు పుట్టారు అని ఉంటుంది చూడండి, అది నేను. ఇరవై ఆరేళ్లుగా ఆ వెనకవైపు నాదే. ప్రెస్సులో నన్ను తారీఖులమ్మ అంటారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

ఒక్కో కాగితానికి అయిదు వరసలండీ. రెండు సంఘటనలు, మూడు జననాలు. వినడానికి తేలికే. కొన్ని తారీఖుల్లో మహానుభావులు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ పుడతారు. ఒకసారి ఇద్దరు శాస్త్రవేత్తల్నీ ఒక గాయకుణ్ణీ తీసేసి చదరంగం ఆడే ఆయన్ని ఉంచాను, ఆయన పేరు పొట్టిగా ఉందని. చరిత్రలో నిలబడాలంటే పేరు పొట్టిగా ఉండాలి, నా అనుభవం అది. ఇంకొన్ని తారీఖులుంటాయి, లోకంలో ఏ తల్లికీ ఆ రోజు వీలుపడనట్టు ఒక్కడూ పుట్టడు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది సంగతి అసలు నన్నడక్కండి.

సరే, ఇవాళ్టి తారీఖు దగ్గరికి వస్తాను.

నాలుగేళ్ల కిందట. మర్నాటికల్లా అచ్చు పూర్తవ్వాలి. సాయంత్రం నాలుగింటికి మా ఫోర్‌మన్ వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. ఆయన తిట్టడు. ఊరికే నిలబడి చెవి గోక్కుంటాడు. అది తిట్టుకంటే ఘోరం. కాగితం మీద అయిదో వరస ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే వరండా తుడిచే ఆవిడ నీళ్ల బకెట్ మోసుకెళ్తోంది. బకెట్ తీగకి మధ్యలో చిన్న గొట్టం ఉంటుంది కదా, పట్టుకోవడానికి, అది ఊడిపోయింది. వట్టి తీగ. నాలుగడుగులకోసారి బకెట్ కింద పెట్టి వేళ్లు ఊదుకుంటోంది.

అంతే, రాసేశాను. బకెట్ తీగ చెయ్యి కొయ్యకుండా దానికి గొట్టం తొడిగిన మహానుభావుడి జననం.

పేరు రాయలేదు, జాగా లేదు. ఏడాది కావాలన్నాడు ఫోర్‌మన్. నా ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు వేశాను. పద్దెనిమిది వందల అరవై నాలుగు. నా అదృష్టం కొద్దీ అలా కుదిరింది. మా చెల్లెలి నంబరు వేసుంటే ఈ తాత పుట్టడానికి ఇంకో అయిదారు వందల ఏళ్లు పట్టేది.

ఎవరు చదువుతారండీ కాగితం వెనక? చించుతారు, చెయ్యి తుడుచుకుంటారు, పడేస్తారు. అనుకున్నాను. ఆ తారీఖు రానే వచ్చింది, పేపర్లో పడింది. పేపర్లో చరిత్రలో ఈ రోజు అని ఓ మూల రాసే ఆయన మా క్యాలెండరు ముందు పెట్టుకునే రాస్తాడు, అది నాకు ఎప్పట్నుంచో తెలుసు. పేపర్లోంచి రేడియోకి ఎక్కింది. రేడియో అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, నిరుపేద కుటుంబంలో పుట్టి అంది. నిరుపేద అని నేనెక్కడ రాశాను? రాయడానికి జాగా ఏది?

తర్వాత బళ్లో క్విజ్, బకెట్ తాత అని పేరు కూడా పెట్టేసి మరీ ప్రశ్న. మా అక్క మనవరాలు ఆ ప్రశ్న దగ్గరే ఓడిపోయింది. ముక్కు చీదుకుంటూ నా దగ్గరికొచ్చి, బకెట్ తాత ఎవరో నీకైనా తెలుసా అని అడిగింది. తెలీదన్నాను. చిన్నపిల్లతో అబద్ధం చెప్పడం ఎందుకు?

మరుసటి ఏడు గుట్టుచప్పుడు కాకుండా తీసేసి, ఆ జాగాలో ఇంకో సంఘటన ఇరికించాను. పీడా వదిలిందనుకున్నాను. నలభై మూడు ఉత్తరాలొచ్చాయండీ. ఒకాయనైతే ఎర్ర సిరాతో నాలుగు పేజీలు, సామాన్యుణ్ణి మరిచిపోయేవాళ్లు క్యాలెండర్లు వెయ్యడం దేనికని. మా ప్రెస్సు యజమాని పిలిచి, ఎందుకు తీశావమ్మా అన్నాడు. ఆధారం లేదండీ అన్నాను. ఆయన సొరుగు లాగి పేపరు ముక్క తీసి నా ముందు పెట్టాడు. నా వాక్యమే, అక్షరం పొల్లు పోలేదు.

"ఇంతకంటే ఆధారం ఏం కావాలమ్మా" అన్నాడు.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఒక్క కాగితం కల్పించానని ఒప్పుకుంటే, తక్కిన కాగితాలన్నీ ఎవరు నమ్ముతారు? అవన్నీ కళ్లు పోయేలా వెతికి రాసినవండీ. పెన్ను తీసి ఆ వరస మళ్లీ రాశాను. తాత తిరిగొచ్చాడు.

ఆ వెనకాలే ఈ ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీ ఆయన దిగాడు. జయంతి చేద్దాం, విగ్రహం పెడదాం, ఆయన్ని వెలికితీసింది మీరే కాబట్టి మీరు తప్పకుండా రావాలి అన్నాడు. పొద్దున్న ఊరేగింపు చూశారుగా? రెండు వందల మంది, తలా ఒక బకెట్. డ్రిల్లు మాస్టారు ఉత్సాహం పట్టలేక ఒకటి తలకి తగిలించుకున్నాడు, అది ఇరుక్కుపోయింది. ఇంకా తీస్తూనే ఉన్నారట, సబ్బునీళ్లు పోసి.

అయినా ఓర్చుకున్నాను. లేనివాడికి ఎన్ని బకెట్లు మోస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. లేనివాడు వచ్చి నన్ను నిలదియ్యడు కదా. అదిగో, అప్పుడు మీరొచ్చారు.

చెప్పండి, లేనివాడికి మునిమనవడెలా పుడతాడు? నేను ఆడింది ఒక్క వరస అబద్ధం. మీరు ఏకంగా మనిషినే పట్టుకొచ్చారు, ఫ్రేము కట్టించి మరీ. బయట ముందు వరసలో మీ ఆవిడా ఇద్దరమ్మాయిలూ కొత్త బట్టల్లో కూర్చున్నారు. పెద్దమ్మాయి ఉపన్యాసం రాసుకొచ్చిందట. నేను వేదికెక్కి ఈయనెవరో నాకు తెలీదంటే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో ఆలోచించారా? అనకపోతే నేనేమవుతానో ఆలోచించారా? నిజం చెప్పండి, ఆ ఫొటో ఎక్కడ సంపాదించారు?

ఏమిటీ? కొంచెం గట్టిగా, మైకు గోలలో వినబడట్లేదు.

రేకుల పని. ఊఁ. చిల్లులుపడ్డ డబ్బాలకీ బకెట్లకీ మాట్లు వేసేవాడు. సరే, ఉంటారు అలాంటివాళ్లు. ముత్తవ్వ ఇళ్లల్లో నీళ్లు మోసేది. తీగ కోసుకుపోయి వేళ్ల మధ్య పుళ్లు. రాత్రి అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది. అయితే ఈయన...

ఆగండి. ఆగండి, ఒక్క నిమిషం.

వెదురు ముక్క తొలిచి, తీగ ఊడదీసి, దాన్ని ఎక్కించి మళ్లీ బిగించాడా?

అది చూసి వీధిలో ఆడవాళ్లందరూ బకెట్లు పట్టుకుని మీ గుమ్మం ముందు వరస కట్టారు. పోయేదాకా చెప్పుకునేవాడు, బకెట్‌కి గొట్టం పెట్టింది నేనే అని. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. తాత కోతలు మొదలెట్టాడురా అనేవాళ్లు. మీ నాన్న కూడానా? మీరు పుట్టాక ఆ కోతలు మీ దాకా వచ్చాయి, మీరూ నవ్వారు.

ఆ తారీఖున పొద్దున్నే కండక్టరు డ్యూటీకి వెళ్తూ మీరు కాగితం చించారు. ఏదో అలవాటుగా వెనక్కి తిప్పారు. అప్పటికి మీ నాన్న మంచం మీద ఉన్నాడు, మాట కూడా సరిగ్గా రావట్లేదు. ఆయన పక్కన కూర్చుని చదివారు. ఆయన ఏమన్నాడన్నారు?

"తాత నిజమే చెప్పాడురా. మనమే నవ్వాం."

కొంచెం జరగండి. నేనూ కూర్చుంటాను.

లేదు, ఏడవట్లేదు. ఈ గదిలో దుమ్ము ఎక్కువ.

అయితే ఆయన పుట్టినరోజు మీలో ఎవరికీ తెలీదు. అప్పట్లో ఎవరు రాసిపెట్టారని. నేనిచ్చిన తారీఖే ఖాయం చేసుకుని, ఏటా ఇవాళ చుట్టపక్కాలందరూ మీ ఇంట్లో కలుస్తున్నారు. పదేళ్లుగా మాటల్లేని మీ బాబాయి కూడా వస్తున్నాడు. మరి నేను తీసేసిన ఏడాది? అయ్యో. ఎర్ర సిరా ఉత్తరం మీదా? నాలుగు పేజీలు ఎలా రాశారండీ, చెయ్యి నొప్పెట్టలేదా?

నేనిప్పుడు మీకేం చెప్పాను? ఆయన లేడని చెప్పాను. మొహం మీదే చెప్పాను. మీరు లేచి నాలుగు చీవాట్లు పెట్టాల్సింది పోయి నవ్వుతారేమిటి?

ఏమన్నారు? నేను రాయకముందే ఆయన ఉన్నాడు కాబట్టి నేను రాసింది అబద్ధం కాదా? నాకు తెలియకుండా నిజం రాసేశానా? మీరు బస్సు కండక్టరుగా చేశారంటే నమ్ముతాను. నిలబడ్డవాడికి కూడా సీటు దొరికిందని నమ్మించగలరు. ఏడాది తప్పు కదండీ అంటే, ఏడాదితో ఎవరికి పనంటారు. నిజమే, ఏడాదులు గుర్తుపెట్టుకునేది లోకంలో నేనొక్కదాన్నే.

సరే. వేదిక మీద చెప్పను. కానీ ఒక షరతు. నా ప్రసంగం చూడండి, ఇదిగో, ఒక్క కాగితం. దీంట్లో ఉన్నదంతా రేడియో అమ్మాయి దగ్గర్నుంచి తెచ్చుకున్నదే. నిరుపేద కుటుంబం అదీ ఇదీ. ఇది చింపేస్తున్నాను. దీని బదులు వెదురు ముక్క సంగతి చెప్తాను, ముత్తవ్వ చేతుల సంగతి చెప్తాను. మీ అమ్మాయి అది చెప్తానంటే నేను రెండు ముక్కలు పలికి కూర్చుంటాను, ఆ పిల్లదే హక్కు. ముత్తవ్వ పేరేమిటి? పొట్టిదేనా? అయితే వచ్చే ఏడు కాగితం మీద ఆవిడ కూడా పడుతుంది. జాగా నేను చూసుకుంటాను.

అదుగో, మైకు బాగైంది. పిలుస్తారిక. మీ కాలరు సరిచేసుకోండి.

ఏమిటీ? ఇదే తారీఖు ఎందుకని? చెప్పాను కదా, అయిదో వరస ఖాళీగా ఉందని.

ఎందుకు ఖాళీగా ఉందంటారా.

ఈ మాట ఇక్కడే వదిలెయ్యాలి మీరు. మీ ఆవిడకి కూడా చెప్పకూడదు. ఆ వరస ఖాళీ లేదండీ. ఈ తారీఖున పుట్టినవాళ్లు నాకు ముగ్గురు దొరికారు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే. ఒకడు రెండు ఊళ్లు తగలబెట్టిన సేనాపతి. ఇంకొకడు విషం తయారుచేసిన వాడు. మూడోవాడు సొంత అన్నగారి గొంతు పిసికి గద్దెనెక్కిన రాజు. ఇరవై రెండేళ్లు ఏటా ఇవాళ ఆ ముగ్గురి పేర్లే చేత్తో రాశాను. తెల్లారి లేచి మా వంటింట్లో కాగితం చించితే వాళ్ల మొహాలే.

ఇవాళ నా పుట్టినరోజండీ. మా ఇంట్లో గుర్తుంది, పొద్దున్నే మా వారు టీ పెట్టి ఇచ్చారు కూడా, దానికేం లోటు లేదు. కానీ నాతోపాటు పుట్టినవాళ్లలో పనికొచ్చే మనిషి ఒక్కడైనా ఉండకూడదా అనిపించింది. అనిపించి, ఫోర్‌మన్ చెవి గోక్కుంటుండగా, రాజుగారి మీద గీత పెట్టేశాను. ఆ జాగాలోకి మీ ముత్తాతని తెచ్చాను.

నాలుగేళ్లయింది. ఆ రాజు ఏమయ్యాడని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పదండి.