టీవీలో రాని నీళ్లు

సాయంత్రం. ఏటి ఒడ్డు వీధిలో దర్జీ ఇల్లు. టీవీలో వార్తలు చదివే మేనకోడలు, మొహానికి వేసిన రంగు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

“ముందు ఆ మిషను ఆపు మావయ్యా! నేను చెప్పేది వినబడుతోందా?”

“వినబడుతూనే ఉంది. పోయినేడాదీ వినబడింది. అదే మాట, అదే గొంతు. అప్పుడు టీవీలోంచి చెప్పావు, ఇప్పుడు గుమ్మంలోంచి.”

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరు? ‘ఏటి ఒడ్డు ఇళ్లు ఏ క్షణమైనా కూలిపోవచ్చు, జనం వెంటనే ఖాళీ చెయ్యాలి.’ చదివావా, లేదా?”

“చదివాను.”

“ఒక్క ఇల్లు కూలిందా?”

“మావయ్యా...”

“కూలిందా అంటున్నా?”

“లేదు.”

“కూలలేదు, కూల్చారు. నీ మాట నమ్మి అవతలి వరసవాళ్లు మూటాముల్లె సర్దుకుని బడిలో తలదాచుకున్నారు. తిరిగొచ్చేసరికి ఇళ్లూ లేవు, గోడలూ లేవు. ఇప్పుడక్కడ లేచిన బిల్డింగు ఎవరిది?”

“మా ఛానెల్ ఓనరుది.”

“ఆఁ. ఇక మిగిలింది మా వరస. దీనిక్కూడా నిన్నే పంపారన్నమాట.”

“ఎవరూ పంపలేదు! పైన ఆనకట్ట గేట్లెత్తేశారు. మా రిపోర్టరు అక్కడే ఉన్నాడు, వీడియో పంపాడు. ఇదిగో, ఫోన్లో నువ్వే చూడు.”

“చూశా. నీళ్లు. ఏ ఊరివో, ఏనాటివో! కత్తిరించి అతికించడంలో మీవాళ్లు నాకంటే మంచి దర్జీలు.”

“చీకటి పడేసరికి ఈ వీధి మునుగుతుంది మావయ్యా.”

“మునగనీ. గడప మాత్రం దాటను. నేనిటు కాలు బయటపెట్టడం, అటు బుల్డోజరు రావడం.”

“అత్తయ్యా, నువ్వైనా చెప్పు! పక్కింట్లో బాలింత ఉంది.”

“నన్ను లాగకే తల్లీ. బాలింతేంటి, వీధి వీధంతా ఈయన మొహమే చూస్తూ కూర్చుంది. ఈయన కదిలితే అందరూ కదులుతారు. ఈయన కదలడు.”

“కదలను. అంత ముప్పే ఉంటే టీవీలో చెప్పక ఇక్కడికెందుకొచ్చావ్? ఇది నువ్వు వార్తలు చదివే వేళ కదూ?”

“చదవనన్నాను.”

“ఏంటీ?”

“గేట్ల సంగతి తీసేశారు. రేపట్నించి ఆ బిల్డింగులో ఫ్లాట్లు అమ్ముతారు. ఏరు పొంగుతోందని తెలిస్తే కొనేదెవరు? ఇంకేదో రాసి నా చేతిలో పెట్టారు. చదవనని మైకు తీసి బల్లమీద పడేసి వచ్చేశా.”

“వేరే ఛానెల్‌వాళ్లకి చెప్పొచ్చుగా?”

“ఊళ్లో ఉన్న ఇంకొక్క ఛానెలూ మా ఓనరు బావమరిదిదే.”

“మరి ఉద్యోగం?”

“ఇంకెక్కడి ఉద్యోగం!”

“నిజంగా?”

“అదీ నమ్మవా?”

“నమ్మాలనే ఉందమ్మా. నీ మొదటి గౌను కుట్టింది ఈ మిషను మీదే. కానీ నిన్ను చూస్తుంటే మా అక్క కూతురు కనబడటం లేదు. ఆ టీవీయే కనబడుతోంది. నేనేం చెయ్యను?”

“సరే. అయితే నేనూ కదలను. ఇదిగో, ఇక్కడే కూర్చుంటున్నా. మునిగితే ముగ్గురం కలిసే మునుగుదాం.”

“బెదిరిస్తున్నావా?”

“నీ మేనకోడల్నేగా. ఈ మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావ్?”

“లే. చెబుతున్నా, లే. మీ అమ్మకి నేనేం సమాధానం చెప్పను?”

“లేవను.”

“ఏమండీ, ఉండండుండండి! టీవీలో వార్తలు మొదలయ్యాయి. దీని కుర్చీలో ఎవరో కొత్తాయన కూర్చున్నాడు.”

“కొత్తాయనా? సౌండు పెంచు.”

“పెంచా... ఏటి ఒడ్డు వాళ్లకి ఏ ప్రమాదమూ లేదంటున్నాడు. గేట్లెత్తారన్నది ఒట్టి పుకారట. ఎవరూ ఇళ్లు వదలొద్దట, హాయిగా పడుకోమంటున్నాడు.”

“ఏ ప్రమాదమూ లేదన్నాడా? సరిగ్గా విన్నావా?”

“రెండుసార్లు చెప్పాడండీ. నవ్వుతూ చెప్పాడు.”

“అయితే లేవండి ఇద్దరూ! ఏమేవ్, నువ్వెళ్లి బాలింతని పట్టుకో. అమ్మాయ్, నువ్వా చివర్నుంచి ఒక్కో తలుపూ బాదుకుంటూ రా, ఈ చివర్నుంచి నేనొస్తా. మీ ఛానెల్ లేదందంటే నీళ్లు బయల్దేరినట్టే!”