చెల్లని ఓటు

రాజ్యసభ ఎన్నికలో అంతర్వేది మనిషి ఒక్క ఓటు తక్కువై ఓడిపోయిన మర్నాడు, ఆయన సొంత పార్టీ ఎమ్మెల్యే పరామర్శకి వచ్చాడు. ఓడినాయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“లోపలికి రమ్మనరా, చెల్లెమ్మగారూ?”

“ఆ చెల్లని ఓటు మీదేనట కదా అన్నయ్యగారూ?”

“ఆయ్. పొరపాటైపోయిందండి. పేరు ఎదురుగా ఒకటి అంకె వెయ్యాలి. కంగారులో టిక్కు పెట్టేసేను.”

“ఇరవయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పేరు. ఒకటి వెయ్యడం మర్చిపోయేరా?”

“అంత మాట అనకండి. మన అంతర్వేది మనిషి ఢిల్లీ వెళ్తానంటే నాకు కడుపుమంటా?”

“కడుపుమంట కాదండి, భయం. ఆయన ఎంపీ అయితే, రేపు పనుల కోసం జనం మీ ఇల్లు దాటి మా ఇంటికొస్తారని.”

“దేవుడి మీద ఒట్టండి...”

“ఒట్లు పెట్టకండి. ఆ మాట నామినేషన్ రోజున మీ ఆవిడే నాతో అన్నారు. నవ్వులాటకి అన్నారనుకున్నాను.”

ఎమ్మెల్యే ఆవిడ పక్కనుంచి లోపలికి తొంగిచూశాడు.

“బావగారిని ఓసారి చూసి వెళ్ళిపోతానండి.”

“వద్దండి. అది పొరపాటేనని పొద్దుటినుంచి వచ్చినవాళ్ళందరికీ ఆయనే చెబుతున్నారు. మీ మొహం చూస్తే ఇంక చెప్పలేరు.”