మా ఇంటికెవరూ రాలేదు

నగలు చూసి కూర్చోమన్నారు. కాఫీ కూడా తెప్పించారు. పెద్దింటావిడెవరో అమ్మాయి సీటు కోసం వచ్చిందనుకున్నట్టున్నారు. ఇవి నావి కావు త్రినాథరావు గారూ. సినిమా కంపెనీవి. చీర కూడా వాళ్ళదే. ఫిల్మ్ నగర్‌లో పెళ్ళి సీను తీస్తున్నారు. పెళ్ళికూతురి తరఫు చుట్టాల్లో వెనక వరసలో కూర్చుంటాను నేను. భోజనాలకి వదిలారు. మేకప్ తుడుచుకునే వ్యవధి లేక ఇలాగే ఆటో ఎక్కేశాను.

గుర్తుపట్టలేదు కదూ. పోయిన వారం మీరు మా ఇంటికొచ్చారు సార్. రహమత్ నగర్‌లో, మెట్ల కింద గది. నైటీ మీద తువ్వాలు కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది నేనే. పుష్పవల్లిని. మీ నిహారిక తెచ్చిన ఫారాల్లో ఉంది కదా, జూనియర్ ఆర్టిస్టు, వయసు నలభై ఆరు అని. ఆ పుష్పవల్లిని.

కాఫీ వైపు చూడకండి. నేను తాగను లెండి.

ఆ రోజు నేను మీకు అబద్ధం చెప్పాను. అది చెప్పి పోదామనే వచ్చాను. ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. అన్ని ప్రశ్నలూ అడిగింది. నేను చెప్పిందే రాసింది. ఒక్క అక్షరం కల్పించలేదు.

లేదు సార్, నన్నెవరూ పంపలేదు. నేనిక్కడికొచ్చినట్టు ఆ పిల్లకి తెలియదు కూడా.

ఆ తలుపు కాస్త దగ్గరికి వేస్తారా?

వేయకూడదా. ఆడవాళ్ళు వచ్చినప్పుడు తెరిచే ఉంచాలా. మంచి రూలే. సరే, నేనే మెల్లగా మాట్లాడతాను.

క్లాసులో అందరి ముందూ మీరేమన్నారో నాకు తెలుసు. ఒక్క ఫారం దొంగదైతే కట్ట మొత్తం దొంగదే అన్నారు. సర్వే అంటే నిజాయితీ అన్నారు. ప్రొఫెషనలిజం లేని మనిషికి ఎంబీఏ ఎందుకన్నారు. ప్రాజెక్టు తీసుకోనన్నారు. జులైలో హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరాల్సిన పిల్ల. ప్రాజెక్టు లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఆ కంపెనీ వాళ్ళు గేటు కూడా దాటనివ్వరు.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా?

నిహారిక నా కూతురు సార్.

అదిగో, ఇందాక గుర్తుపట్టనప్పటి చూపే మళ్ళీ. మీకెలా తెలుస్తుంది? మా ఒంటిగదిలో చదువు సాగదని బోరబండలో మా తమ్ముడింట్లో పెట్టాను. కాలేజీలో ఇచ్చింది ఆ అడ్రసే. నా గురించి గృహిణి అని రాసుకుంది. మీ కాలేజీలో దాని పక్కన కూర్చునే పిల్లలు కార్లలో దిగుతారు. వాళ్ళ అమ్మలు ఇలాంటి చీరలు నిజంగానే కట్టుకుంటారు. అందుకని నాకు కోపం లేదు. కొంచెం ఉంది. పోనివ్వండి.

అవును, ఫారం పైన ఒక గడి ఉంది. ఈ మనిషి మీకు బంధువా అని. అక్కడ కాదు అని రాసింది. అది తప్పే. దాన్ని నేను వెనకేసుకు రాను.

కానీ ఆ ఫారం రాయమని పట్టుబట్టింది నేను.

సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ళ కష్టసుఖాలని కదా మీరిచ్చిన ప్రాజెక్టు. మా వాళ్ళ దగ్గరికి దాన్ని నేనే తీసుకెళ్ళాను. ఎండలో వ్యాన్ల దగ్గర, చెట్ల కింద, ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుని అడిగేది. ఒక్కొక్కరినే పక్కకి తీసుకెళ్ళేది. మధ్యలో ఎవరైనా వచ్చి నిలబడితే కాగితం మూసేసి, రేపొస్తానండీ అనేది. మా వాళ్ళు ఒకటే ఎగతాళి. “పుష్పక్కా, మీ అమ్మాయి కాలేజీలో చదువుతోందా, సీబీఐలోనా?” అని. అయినా చెప్పేవాళ్ళు. వాళ్ళ మాట ఎవరడిగారు గనక ఇన్నాళ్ళూ?

చూస్తూ ఉంటే నాకు ఉక్రోషం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. అమ్మా, ఇవాళ ఏం సీను, ఎండలో నిలబెట్టారా, తిన్నావా అని అది నన్ను ఏనాడూ అడగలేదు. వేరేవాళ్ళ పక్కన కూర్చుని ఎంత మెత్తగా అడుగుతోందో. అందరినీ అడుగుతున్నావు, నన్నడగవేంటే అన్నాను. సొంతవాళ్ళని అడగకూడదమ్మా, మా సార్ ఒప్పుకోరు అంది. నేను మాత్రం ఆర్టిస్టుని కానా అన్నాను. కనబడినప్పుడల్లా అదే మాట. చివరికి నా పోరు పడలేక ఒప్పుకుంది.

మా ఆయన పనిలోకి వెళ్ళాక వచ్చింది. తలుపేసింది. మంచం మీద నాకెదురుగా కూర్చుంది.

“మీ పేరు చెప్పండి.”

నవ్వొచ్చింది నాకు. నీకు తెలీదటే అన్నాను. అది నవ్వలేదు.

“మీరే చెప్పాలండీ.”

నా కడుపున పుట్టిన పిల్ల నన్ను అండీ అంది సార్. వింతగా అనిపించింది. బాగానే కూడా అనిపించింది. పేరు చెప్పాను. ఊరు చెప్పాను. భోజనం టైముకి పెడతారా, మరుగుదొడ్డి ఉంటుందా, అన్నీ అడిగింది. మరుగుదొడ్డి లేదని పొద్దుట్నించీ నీళ్ళు తాగకుండా ఉంటామని చెప్తే, అది తల వంచుకుని రాసుకుంది. ఇన్నేళ్ళూ ఎండాకాలంలో నాకు మూత్రంలో మంటెందుకు పుట్టేదో దానికి ఆ రోజు తెలిసింది.

తరవాత ఆ ప్రశ్న. పని దగ్గర మీ ఇష్టం లేకుండా మీ మీద ఎవరైనా చెయ్యి వేశారా అని.

అవునన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. అమ్మా అని అడిగుంటే చచ్చినా చెప్పేదాన్ని కాదు. అండీ అంది కదా. పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పేశాను.

ఎవరు అని ఇంకో ప్రశ్న. డైరెక్టరు, మేనేజరు, ఏజెంటు అని గడులున్నాయి. ఏజెంటు అన్నాను. అలాంటివాళ్ళ పేర్లు రాయకూడదట, పేరు అడగలేదు. అడగక్కర్లేదు. మాకు షూటింగుల్లో పనిప్పించే ఏజెంటు ఒక్కడే. వాడి భుజాల మీద ఆడుకుంటూ పెరిగింది అది.

పెన్ను ఆగింది. టిక్కు పెట్టింది. తరవాతి ప్రశ్న అడిగింది. అన్నీ అయ్యాక థాంక్సండీ అని, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. అప్పట్నించీ ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు.

మీరే నేర్పారా సార్ అది? ఎదుటి మనిషి ఏం చెప్పినా మొహం మారకూడదని? బాగా నేర్పారు. ప్రొఫెషనలిజం లేదన్నారు కదా దానికి, అందుకని చెప్తున్నాను.

ఇంక మీరొచ్చిన రోజు సంగతి. ఫారాలు నిజమో కాదో సరిచూసుకోవడానికి వచ్చారు. మీ పని మీరు చేశారు, కాదనను. మా ఆయన సుబ్రహ్మణ్యం గడప మీద కూర్చుని చెప్పులకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఇంటి ఓనరావిడ మెట్ల మీద బియ్యం ఏరుతోంది. లోపల కుర్చీలో ఒకాయన టీ తాగుతున్నాడు, చూశారు కదా. మర్నాటి షూటింగ్‌కి ఎంతమంది కావాలో చెప్పిపోదామని వచ్చాడు.

అతనే సార్ జగదీశ్. మా ఏజెంటు.

మీరు వాకిట్లో నిలబడి చదివారు. పాఠాలు చెప్పే గొంతు మీది, వీధి చివరిదాకా వినబడుతుంది. భోజనం ప్రశ్న చదివారు. మరుగుదొడ్డి ప్రశ్న చదివారు. ఆ తరవాత దాన్ని కూడా చదివారు.

“అవును అని ఉంది, ఏజెంటు అని ఉంది. ఇది మీరు చెప్పిందేనామ్మా?”

మెట్ల మీద చేట చప్పుడు ఆగింది. మా ఆయన చేతిలో బ్రష్ ఆగింది. జగదీశ్ మాత్రం టీ ఆపలేదు. తాగుతూ కప్పు పైనుంచి నన్నే చూస్తున్నాడు.

నన్నేం చెప్పమంటారు?

మా ఇంటికెవరూ రాలేదండీ అన్నాను. ఆ పిల్లెవరో నాకు తెలీదన్నాను. మీరు మీ వెంట వచ్చిన గుమాస్తాతో ఇంగ్లీషులో ఏదో అన్నారు. కాగితం మీద ఎర్రగా గీత పెట్టారు. పోతూ పోతూ నాకు దణ్ణం పెట్టారు, నిజం చెప్పినందుకు.

మీరు సందు తిరిగాక అతను కప్పు కింద పెట్టాడు.

“గిట్లాంటి కాగితాలతోటి పరేషాన్ అయితవ్ అక్కా. జర పైలం.”

అంతే అన్నాడు. మా ఆయన ఇప్పటిదాకా నన్నొక్క మాట అడగలేదు. అడక్కపోవడమే నాకు భయంగా ఉంది.

వందన అని ఇంకో అమ్మాయి ఉంది కదా మీ క్లాసులో, జూబ్లీ హిల్స్ అమ్మాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంతృప్తి అని చేసింది. ఆ ఫారాలన్నీ ఒక మధ్యాహ్నం కాఫీ షాపులో కూర్చుని నింపేసిందని క్లాసు క్లాసంతా నవ్వుకుంటోందట. మీరు ఫోన్ చేస్తే అందరూ అవును సార్, వచ్చి అడిగింది సార్ అన్నారట. అంటారు. అందరూ వాళ్ళ పెదనాన్న పిల్లలూ, వాళ్ళ స్నేహితులూనట. ఆ ప్రాజెక్టుకి మంచి మార్కులిచ్చారు. ఇవ్వండి, నాకెందుకు. ఆ పిల్ల ఫారాలు తీసి చూడమని నేను అడగడం లేదు. మా పిల్లవి మళ్ళీ చూడమంటున్నాను.

ఏమన్నారు?

తల్లి ఫారం ఎలాగూ చెల్లదు. సరే. అది నాకు ముందే చెప్పింది నిహారిక. తీసేయండి. మిగతావి ఉంటాయి కదా? వాటికి మనుషుల్ని పంపుతారా? పంపితే ఒక ఆడమనిషిని పంపండి. ఒక్కొక్కరినే విడిగా అడగమనండి. మీరు మళ్ళీ వాకిళ్ళలో నిలబడి చదివారంటే, అందరూ నాలాగే అంటారు. అప్పుడింక నా కూతురు కట్టంతా ఇంట్లో కూర్చుని రాసుకుందని ఖాయమైపోతుంది.

అయ్యో, మీకు చెప్పేంతదాన్నా. భయంతో అంటున్నాను.

రాసివ్వాలా? ఏమని? తల్లినని రాస్తాను. అబద్ధం చెప్పానని రాస్తాను. ఎందుకు చెప్పానో కూడా రాయాలా?

ఊరికే మాట మార్చుకుంటే మీ కాలేజీ కమిటీ నమ్మదంటారు. నిజమే. ఆర్టిస్టుని కదా, ఇంకా నమ్మరు. కమిటీలో ఎంతమంది ఉంటారు? అందరూ మగవాళ్ళేనా?

అలాగా.

ఇంతా రాశాక కూడా నా ఫారం లెక్కలోకి రాదు. అంతేనా? ఆ ప్రాజెక్టు పుస్తకంలో ఇంతమంది ఆడవాళ్ళు అవునన్నారు అని ఉంటుంది చూడండి, అందులో నేనుండను. నేను కమిటీ కాగితంలో ఉంటాను. పోనీలెండి, ఎక్కడుంటే ఏంటి. మా అమ్మాయి జులైలో ఉద్యోగంలో చేరితే చాలు.

ఇలా ఇవ్వండి పెన్ను. ఏజెంటు అని రాస్తే చాలా, పేరు కావాలా?

పేరే కావాలా.

సరే, రాశాను. సంతకం ఎక్కడో చూపించండి, తొందరగా. అక్కడ భోజనాలు అయిపోయుంటాయి. వరసలో మనిషి తక్కువైతే వెతుక్కుంటూ వచ్చేది జగదీశే.