సూది పలకరింపు

మంచంలో ఆయన. అటు భార్య, ఇటు ఇంటికొచ్చి చూసివెళ్ళే నర్సు.

"ఆయన వేళ్ళకేమైంది, పెద్దమ్మా?"

"ఏవీ? చీమలు కుట్టుంటాయి."

"చీమలు చూసుకుని చూసుకుని వేలి చివరే కుడతాయా?"

"షుగరు మనిషి కదా, వాటికీ ముద్దే."

"పెద్దమ్మా..."

"సర్లే. పొద్దున టెస్టు చేశా. ఏళ్ళనాటి అలవాటు, చెయ్యి ఊరుకోదు."

"ఇంక టెస్టులొద్దని డాక్టరుగారు చెప్పారు కదా. క్యాన్సరు లివరంతా పాకింది. షుగరు కాస్త పెరిగినా ఇప్పుడు ఆయన్ని కొత్తగా చేసేదేం లేదు. నొప్పీ దాహం లేకుండా చూసుకుంటే చాలు."

"చేసేదేం లేదంటావు. పంచదార డబ్బాకి తాళమేశాను. పెళ్ళిళ్ళలో విస్తరి ముందునుంచి లాక్కొచ్చాను. అదంతా దేనికి మరి?"

"అందుకే ఇన్నేళ్ళు నిలబడ్డారు."

"ఇప్పుడు తినమంటే మింగలేడు. నిన్న చెంచాడు తీపి పాలు పోశా. పెదవి పక్కనించి కారిపోయాయి."

"పోయకండి, పొలమారుతుంది. తడిబట్టతో పెదాలు అద్దండి, అంతే. ఇన్సులిన్ ఇవ్వట్లేదుగా? నిజం చెప్పండి. తిండి లేకుండా అదిస్తే షుగరు పడిపోతుంది."

"ఒట్టు. నువ్వు వద్దన్నాక ముట్టుకోలేదు."

"మంచిది. పొద్దున ఎంతొచ్చింది?"

"ఏంటి?"

"టెస్టు చేశానన్నారుగా."

"ఎంతో... మామూలే."

"మామూలంటే?"

"గుర్తులేదమ్మా. కళ్ళద్దాలు పెట్టుకోలేదు."

"ఈ స్ట్రిప్పుల డబ్బా ఖాళీ, పెద్దమ్మా. నేను పోయినసారి వచ్చినప్పుడే ఖాళీ."

"తెప్పిద్దామనుకున్నా."

"స్ట్రిప్పు లేకపోతే మిషను ఏమీ చూపించదు. మీకు తెలీదా? మరి ఊరికే ఎందుకు గుచ్చుతున్నారు ఆయన్ని?"

"దుప్పటి జారింది, ఉండు సర్దుతా."

"నేను కోప్పడట్లేదు. చెప్పండి."

"పిలిస్తే పలకడమ్మా. ఒళ్ళు తుడిచినా, తల దువ్వినా ఉలుకూ లేదు పలుకూ లేదు. సూది గుచ్చితే మాత్రం 'అబ్బా, రాక్షసీ' అంటాడు. షుగరొచ్చిన కాణ్ణించీ నాకదే పేరు."

"నొప్పి కదా, పెద్దమ్మా."

"తెలుసు. ఆ ఒక్క మాట వింటే రోజు గడుస్తుంది. రోజుకొక్కసారే గుచ్చేదాన్ని. ఒక్క వేలికే."

"ఇవాళ అన్నారా?"

"ఇవాళ పది వేళ్ళకీ గుచ్చాను."